ఎవరికీ తెలియని నంబరు

ఏమర్రా, ఒక ప్రశ్న అడుగుతాను, తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. ఒక మాట లోకానికి చెప్పాలి. చెప్పింది ఎవరో మాత్రం లోకానికి తెలియకూడదు. ఈ ఫోన్ల కాలంలో అది కుదురుతుందా, కుదరదా?

“కుదరదు,” అంది లోవ, వరండా స్తంభానికి వీపు రుద్దుకుంటూ. లోవలక్ష్మి నా చిన్న మనవరాలు, ఏడో తరగతి. దానికి ఏ ప్రశ్నకైనా జవాబు ముందొస్తుంది, ఆలోచన తర్వాత నెమ్మదిగా వస్తుంది.

“అది కుదురుతదో లేదో గానీ టీచరమ్మా, చాయ్‌ల జెర చక్కెర ఎక్కువైంది,” అన్నాడు పక్కింటి వీరయ్య. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. సాయంత్రం పూట మా మెట్టు మీద కూర్చుంటే తప్ప ఆయనకి చాయ్ దిగదు.

నేను అడిగింది నిజానికి వసుధని.

వసుధ నా పెద్ద మనవరాలు. బేగంపేటలో ఒక ఆఫీసులో చేరి ఇంకా ఏడాది కాలేదు. మొదటి ఉద్యోగం. దాని పక్క సీటులో షెకీనా అనే పిల్ల ఉంది. వాళ్ళ మేనేజరు దుర్గేష్ ఆ పిల్లకి పంపకూడని మెసేజీలు పంపుతాడు, పనుందని గదిలోకి పిలిచి తలుపు వేస్తాడు. ఆ పిల్ల జీతం మీదే వాళ్ళిల్లు నడుస్తుంది, అందుకని నోరు విప్పదు. తను విప్పుదామనుకుంది వసుధ. హెడ్డాఫీసుకి చెప్పాలి. కానీ చెప్పింది ఎవరో దుర్గేష్‌కి తెలిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఆదివారం నాడు నా పక్కన చేరి “ఎలా అమ్మమ్మా?” అంటే, బీరువాలోంచి నా పాత ఫోను తీసి చేతిలో పెట్టాను. ఇది ఎవరికీ తెలియని నంబరే, రీచార్జి చేయించడమే గానీ మోగి ఏళ్ళయింది, అన్నాను. ఆ ఫోనుతో నేను సాధించిన ఘనకార్యం కూడా కాస్త రుచి చూపించాను.

ఇవాళ అది సాయంత్రం కాకుండానే ఇంటికి వచ్చేసి, గోడకి చేరగిలబడి, ఆ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పంపడానికి వెనకాడుతోంది, కాస్త ధైర్యం పోద్దామనుకున్నాను. జీవితమంతా పాఠాలు చెప్పి బతికినదాన్ని, నా దగ్గరున్న మందు అదొక్కటే. ఆదివారం రుచి చూపించినది ఇవాళ పూర్తిగా వడ్డిద్దామని మొదలుపెట్టాను.

కుదురుతుంది. ఎలా తెలుసంటే, నేను చేశాను గనక.

మన వీధి దీపం సంగతి తెలుసు కదా. మన కాలనీ సంఘానికి అధ్యక్షుడైన రోజే సుబ్బరాజు గారు స్తంభానికి నిచ్చెన వేయించి, దీపం మొహాన్ని తన గేటు వైపు తిప్పించుకున్నారు. ఆయన కారు పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది, మనమేమో గుమ్మంలో నిలబడి తాళం కన్నం తడుముకుంటున్నాం. ఆయన మొహం మీద ఆ మాట అనేవాళ్ళు వీధిలో ఒక్కరు లేరు. అప్పుడు నేను ఆ పాత ఫోను తీశాను. కాలనీలో ఇంటింటికీ ఒక్క వాక్యం పంపాను. ‘దీపం వీధిదా, సుబ్బరాజు గారి కారుదా?’ అంతే. సంతకం లేదు, నమస్కారం లేదు. తెల్లారేసరికి వీధి వీధంతా గేట్ల దగ్గర నిలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు, ఎవరై ఉంటారు, ఎవరై ఉంటారు అని.

“నాకైతే ఏ మెసేజూ రాలే,” అన్నాడు వీరయ్య.

మీ ఫోను అప్పుడు నీళ్ళ బకెట్లో పడింది కదా వీరయ్య గారూ.

“ఔ, పడ్డది,” అని ఒప్పుకున్నాడాయన, ఎప్పుడు పడిందో గుర్తులేక.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? సుబ్బరాజు గారు అల్లుణ్ణి పిలిపించారు. అల్లుడంటే మామూలు అల్లుడు కాదు, కంప్యూటరు లోపలి కంప్యూటరు చూసే రకం. అతను వచ్చి, కాఫీ తాగి, ‘మామయ్యగారూ, మెసేజీకి తాళం గట్టిగానే ఉంది, కానీ మోసుకొచ్చినవాడు దొరుకుతాడు’ అన్నాడు. ఇక్కడ రెండు సంగతులు విడివిడిగా పెట్టుకోవాలి, వినండి. లోపల ఏం రాసి ఉందో దారిలో ఎవరూ చదవలేకపోవడం ఒకటి. రాసింది ఎవరో తెలియకపోవడం ఇంకొకటి. పెట్టెకి తాళం వేస్తే మొదటి పని అయిపోతుంది, ఈ రోజుల్లో ఆ తాళం ఫోనే వేసుకుంటుంది. కానీ పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచే మనిషిని వీధంతా చూస్తుందా లేదా? ఆ మొహం దాచడం కష్టం. అర్థమైందా?

“అయింది, తర్వాత చెప్పు,” అంది లోవ.

నేను క్లాసులో ఒక ఆట ఆడించేదాన్ని. పిల్లల్ని వరసగా నిలబెట్టి, సుద్దముక్క వీపు వెనక నుంచి చేతులు మార్చమనేదాన్ని. తనకిచ్చింది ఎవరో తెలుసు, తను ఎవరికిచ్చాడో తెలుసు, అంతకు మించి ఎవడికీ తెలియదు. చివరివాణ్ణి నిలదీసినా మొదటివాడి పేరు రాదు. ఇంటర్నెట్టులోనూ అలాంటి దారి ఒకటుంది. నా రెండో మెసేజీని ఆ దారిన పెట్టాను. అది తిరుమలగిరిలో బయల్దేరి నార్వే వెళ్ళింది, అక్కడి చలికి ముడుచుకుని ఒక పూట ఆగిపోయింది, అక్కణ్ణించి పెరూ, అక్కణ్ణించి జపాను, అక్కడ భూకంపం వస్తే పక్కకి జరిగి నిలబడి, మంగోలియాలో కొంత దూరం గుర్రమెక్కి, మొత్తానికి లాల్ బజారు మీదుగా వచ్చి సుబ్బరాజు గారి లాల్చీ జేబులో దిగింది. ఎంత దూరం? మనింటికి రెండిళ్ళ అవతల.

“మెసేజీ గుర్రమెక్కుడేంది టీచరమ్మా?”

అక్కడ టవర్లు దూరం దూరం వీరయ్య గారూ. గుర్రం లేకపోతే అందదు.

అల్లుడు ఊరుకున్నాడా? టైపు కొట్టే తీరుని బట్టి మనిషిని పట్టేస్తానన్నాడు. నవ్వకండి, ఇది నిజమే. మనిషికో నడక ఉన్నట్టు వేళ్ళకీ ఒక నడక ఉంటుంది. ఎక్కడ తడబడతాం, ఎక్కడ ఆగుతాం, అన్నీ లెక్కే. సరే అని మూడో మెసేజీ ఎడంచేత్తో కొట్టాను. నాలుగోది కాలి చిటికెన వేలితో. అప్పటికీ అతను మోకాళ్ళ నొప్పి ఉన్న ఆడమనిషి అని కనిపెట్టేశాడు! ఇక లాభం లేదని మన ట్యూబులైటు వెనక ఉండే బల్లిని దింపాను. నేను లోపల నిలబడి మెల్లిగా చెప్పడం, అది ఫోను మీద అటూ ఇటూ పరిగెత్తడం.

“బల్లికి చదువెక్కడిది?”

అది నా క్లాసు గోడ మీద పుట్టింది వీరయ్య గారూ. ఎన్ని బ్యాచులు చూసిందో తెలుసా? అక్షరాలన్నీ వచ్చు, ఒత్తులు మాత్రం మింగేసేది, ఈగలనుకుని.

లోవ పొట్ట పట్టుకుని నవ్వింది. వీరయ్య గ్లాసు కింద పెట్టి మీసాలు తుడుచుకున్నాడు. వసుధ మాత్రం వీధిలోకి చూస్తోంది. మందు ఇంకా ఎక్కలేదనుకుని మోతాదు పెంచాను.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫోను ఏ చోట నుంచి మాట్లాడుతోందో టవరు చెప్పేస్తుంది కదా, అందుకని దాన్ని ఒక మిలటరీ లారీ గుడ్డ కింద పడేశాను. ఆ లారీ మన రోడ్డు దాటి, ఊరు దాటి, తిన్నగా మంచు కొండల్లోకి పోయింది. ఇంకేముంది, ‘దీపం వీధిదా, కారుదా’ అని సరిహద్దు మీంచి మెసేజీ! అటువైపు సైన్యం ఇదేదో రహస్య సంకేతం అనుకుని బూట్లు వేసుకుంది, ఇటువైపు సైన్యం కూడా అదే అనుకుని హెల్మెట్లు పెట్టుకుంది. పైనుంచి ఉపగ్రహం ఒకటి మన మేడ మీదకి వంగి చూసింది. నేను బట్టలు ఆరేస్తున్నాను. గొడుగు వేసుకున్నాను. అది కాసేపు వేచి చూసి వెళ్ళిపోయింది.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. నంబరు దాచాను, దారి దాచాను, వేళ్ళు దాచాను, చోటు దాచాను. ఇంకా దొరికేది ఏమిటి? నేను. నేనంటూ ఉన్నంతకాలం ఎప్పటికైనా దొరుకుతాను.

“అంటే?” అంది లోవ, నవ్వు ఆపి.

అంటే ఒక్కొక్కటే తీసేస్తూ పోయాను. వీధి మొదట్లో కెమెరా, కిరాణా కొట్టు ముందు కెమెరా, బస్టాపు దగ్గర కెమెరా. కెమెరా కూడా రెప్ప వేస్తుందర్రా, కనిపెట్టడానికి ఓపిక కావాలంతే. ఆ రెప్పపాటులో నేను కొట్టుకి వెళ్ళి, కొత్తిమీర కొసరడిగి వచ్చేసేదాన్ని. తర్వాత గొంతు మానేశాను. తర్వాత నీడని మడిచి ట్రంకు పెట్టెలో పెట్టాను. పేరు ఉంటే కదా పిలిచేది అని, పడుకునే ముందు రోజుకో అక్షరం చొప్పున పేరు మర్చిపోయాను. కంటోన్మెంటు దోమలు, ఎవర్నీ వదలవు కదా, నా చుట్టూ ఒక చుట్టు తిరిగి ‘ఇక్కడెవరూ లేరు’ అనుకుని వెళ్ళిపోయేవి. పెన్షనుకి బతికున్నట్టు వేలిముద్ర ఇవ్వాలని వెళితే, మిషను నా వేలు తడిమి తడిమి ‘ఈ వ్యక్తి లేరు’ అంది. ఫోటో తీస్తే ఖాళీ కుర్చీ వచ్చింది. ఆ గుమస్తా కళ్ళజోడు తీసి, ‘పాపం, చాలా మంచి టీచరండీ ఆవిడ’ అని నాతోనే చెప్పి బాధపడ్డాడు. నేను కూడా అవునండీ అని వచ్చేశాను.

“అద్దంలో?” అంది లోవ.

అద్దంలో వెనక గోడ కనిపించేది. సున్నం కొట్టించాలని అప్పుడే తెలిసింది.

ఎవరూ నవ్వలేదు. నాకే ఎలాగో అనిపించింది. వీరయ్య గొంతు సవరించుకుని, “మీరు గింత జేసిన్రు గదా,” అన్నాడు. “నార్వే పోయిన్రు, బల్లిని దింపిన్రు, మీరే లేకుంట పోయిన్రు. మరి లైటు తిరిగిందా?”

అందరం వీధిలోకి చూశాం. అప్పుడే దీపం వెలిగింది. వెలుగంతా సుబ్బరాజు గారి గేటు మీదే పడింది. ఆయన కారు మెరుస్తోంది.

తిరగలేదు, అన్నాను. ఎందుకు తిరగలేదో కూడా వినండి. లైట్ల ఆఫీసు వాళ్ళు తిప్పడానికి ఒప్పుకున్నారు. నిచ్చెన కూడా తెచ్చారు. ఫిర్యాదు చేసినవాళ్ళు వచ్చి ఒక సంతకం పెడితే చాలన్నారు. నేను లేను కదా!

వీరయ్యకి చాయ్ పొలమారింది. లోవ ఆయన వీపు మీద చరిచింది. నేను వసుధ వైపు తిరిగాను. కాబట్టి తల్లీ, చెప్పొచ్చేదేమిటంటే, కుదురుతుంది. భయపడకు, పంపించు. బల్లి కూడా అక్కర్లేదు.

“పంపేశాను అమ్మమ్మా,” అంది వసుధ.

ఎప్పుడు?

“సోమవారమే. నువ్విచ్చిన ఫోను నుంచే.” ఫోనుని ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టింది. “మా ఆఫీసు గోడకి కాగితం అంటించారు. ఏదైనా ఇబ్బంది ఉంటే ఈ నంబరుకి రాయండి, పేరు చెప్పక్కర్లేదు అని. రాశాను. షెకీనా పేరు కూడా రాయలేదు. మా బ్రాంచిలో ఒక అమ్మాయికి ఇలా జరుగుతోంది అని రాశానంతే. హెడ్డాఫీసులో ఎవరో దాన్ని ఉన్నదున్నట్టు దుర్గేష్ సార్‌కే పంపించేశారు. మీ బ్రాంచి విషయం, మీరే చూసుకోండి అని. నంబరుతో సహా.”

నంబరుంటే మాత్రం ఏమైంది? అది ఎవరికీ...

“తెలుసమ్మమ్మా. అందరికీ తెలుసు.” దాని గొంతు చిన్న పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా ఉంది. నా గొంతే అది. “కొత్త నంబరు కనిపిస్తే ఒక యాప్‌లో కొట్టి చూస్తారు. జనం తమ ఫోన్లలో ఆ నంబరుని ఏ పేరుతో దాచుకున్నారో అది చూపిస్తుంది. నీ స్కూలు పిల్లల అమ్మానాన్నలందరికీ ఇచ్చావు కదా ఆ నంబరు. ఎవరూ తీసెయ్యలేదు. కొట్టగానే వస్తుంది, అమ్మన్నమ్మ టీచర్, తిరుమలగిరి అని.”

కానీ ఎవరూ ఫోను చెయ్యరే, అన్నాను.

“చెయ్యరు. తీసెయ్యలేదు కూడా.”

వీరయ్య తన ఫోను తీసి, దూరంగా పట్టుకుని, బొటనవేలితో పైకీ కిందికీ జరిపాడు. కాసేపటికి తల దించుకున్నాడు. “నా దాంట్ల సుత గట్లనే ఉంది టీచరమ్మా. మా బిడ్డ మీ తాన సదివేటప్పుడు పెట్టుకున్న.”

“అమ్మమ్మ పేరు వస్తే మాత్రం, అది నువ్వే అని ఆయనకెలా తెలుస్తుంది అక్కా?” అంది లోవ.

“ఈ ఊళ్ళో అమ్మన్నమ్మలు ఎంతమందే? మన తుని వైపు అయితే వీధికొకళ్ళు. ఇక్కడ ఒక్కరే. రోజూ డబ్బా తెరిచి, ఇది మా అమ్మన్నమ్మ గారి పులిహోర, ఇది అమ్మన్నమ్మ గారి పెసరట్టు అని ఫ్లోరంతా పంచి గొప్పలు పోయింది నేనే.” వసుధ మోకాళ్ళు దగ్గరకి లాక్కుంది. “ఇవాళ భోజనాల వేళ ఆయన మా టేబులు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. నా డబ్బా మూత తనే తీశాడు. ‘అమ్మన్నమ్మ గారు ఈరోజు ఏం పంపారు?’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నా చెంచాతోనే ఒక ముద్ద తీసుకుని తిన్నాడు. బావుంది, అన్నాడు.”

ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత వేసింది.

“తర్వాత షెకీనాని లోపలికి పిలిచారు. ఏమీ జరగలేదు, సార్ నన్ను సొంత చెల్లెలిలా చూస్తారు అని రాసిచ్చి బయటికొచ్చింది. నా సీటు పక్క నుంచి వెళ్తూ ఆగింది. ‘ఎవరడిగారు నిన్ను?’ అంది. అంతే. ఫోను చేస్తే ఎత్తడం లేదు. నన్నేమో రేపట్నించి రావద్దన్నారు. నాదేముందిలే, ఇంకోటి చూసుకుంటాను. అది అక్కడే ఉంటుంది కదా అమ్మమ్మా. రేపట్నించి ఆ గది పక్కన దాని సీటొక్కటే.”

పోలీసులకి చెబుదాం, అన్నాను.

“ఏమని? ఏమీ జరగలేదని అదే రాసిచ్చింది.”

వీరయ్య లేచి నిలబడ్డాడు, వెళ్ళాలో ఉండాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

“ఒకటి అడగనా?” అంది వసుధ. కోపం లేదు దాని మాటలో, అదే నాకు భరించడం కష్టమైంది. “సుబ్బరాజు గారి దీపం గురించి నువ్వు ఆ ఫోను నుంచి ఎవరికీ ఏమీ పంపలేదు కదా? బల్లి, గుర్రం సరే. ఆ మొదటి మెసేజీ. అది కూడా పంపలేదు. పంపి ఉంటే మర్నాడు పొద్దున్నే ఆయన మనింటికి వచ్చి, ఏం టీచరుగారూ అని అడిగి ఉండేవాడు. ఈ నంబరు సంగతి మనకి అప్పుడే తెలిసేది. ఆదివారం నువ్వు చెబితే, నిజంగా చేసి చూసిన సంగతేమో అనుకున్నాను.”

జవాబు కోసం అది నా వైపు చూడలేదు. లోవ చూసింది.

“ఇప్పుడు ఆ అక్క సంగతి ఎవరు చెప్తారు అమ్మమ్మా?” అంది లోవ. “ఇంకెలా చెప్పాలి?”

క్లాసులో ఏ పిల్ల లేచి ఏ ప్రశ్న అడిగినా, తెలియకపోతే రేపు చూసి చెప్తాననేదాన్ని, మర్నాడు చూసి చెప్పేదాన్ని. నోటికి అలవాటు కొద్దీ “చూడమ్మా” అని వచ్చింది. దాని వెనక ఇంకో మాట వస్తుందని ముగ్గురూ ఎదురుచూశారు. నేనూ చూశాను. తాళం గురించి చెప్పగలను. సుద్దముక్క ఎన్ని చేతులు మారినా మొదటివాడి పేరు రాదని ఇంకోసారి చెప్పగలను. కానీ ఆ సుద్దముక్క మీద రాసి ఉన్న సంగతి ఆ ఆఫీసులో ముగ్గురికే తెలిసినదైతే, వరసలో ఎంతమందిని నిలబెట్టి ఏం లాభం?

“రేపు డబ్బా వద్దు అమ్మమ్మా,” అంది వసుధ, ఫోను వెనక మూత ఊడదీసి సిమ్ము బయటికి తీస్తూ.

దాని పెసరట్టు కోసమే పొద్దున పెసలు నానబోశాను. సగం రుబ్బాక, దీన్ని చూద్దామని గ్రైండరు ఆపి వచ్చాను. నానిన పెసలు అలా వదిలేస్తే పాడైపోతాయి. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాను. మిగిలిన వాయి రుబ్బుకోవాలి, అని చెప్పి లోపలికి వెళ్ళి గ్రైండరు వేశాను.